మా నాయన బండి కూత

ఒక మనిషి ముఖం నలుగురిలో నల్లబడడం చూడాలని నేను ఏళ్ళ తరబడి కోరుకున్నాను. దేవుడి పటం ముందు నిలబడినప్పుడు చదువు బాగా రావాలని అడగమని అమ్మ చెప్పేది. నేను అదెప్పుడూ అడగలేదు. ఆ మనిషి ముఖమే అడిగాను. నలుగురంటే ఏ నలుగురో కూడా దేవుడికి వివరంగా చెప్పేదాన్ని. మా నాయనను ఎవరి ముందు నిలబెట్టి నవ్వాడో, వాళ్ళ ముందే. వేరే వాళ్ళయితే నాకు పనికిరారు.

ఇదంతా లోపల. బయటికి నేను నోట్లో వేలు పెట్టినా కొరకలేని పిల్లను. చుట్టాలొస్తే వంటింట్లోకి జరిగిపోయేదాన్ని. రోజూ డైరీ రాసేదాన్ని, గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు బట్టల కింద దాచుకుని చదివేదాన్ని. నా డైరీలో ఆయనకు పేరు లేదు. ‘ఆ మనిషి’ అని రాసేదాన్ని. పేరు రాస్తే మర్యాద ఇచ్చినట్టవుతుందని అప్పట్లో నా లెక్క.

మా నాయన మీటర్ గేజ్ మీద గూడ్సు బండి డ్రైవరు. ఆయన నడిపింది వై.డి. అనే తరగతి ఆవిరి ఇంజిన్. ఆ తరగతి ఇంజిన్లను ఇంగ్లండులో తయారుచేసి ఓడల్లో మన దేశానికి పంపేవాళ్ళు. లాగే చక్రాలు ఒక్కో పక్కన నాలుగు, ముందూ వెనకా ఒక్కో చిన్న చక్రం. ప్యాసింజరు ఇంజిన్ల లాగా వయ్యారం లేదు. పొట్టిగా, బరువుగా, మూటలెత్తే హమాలీ లాగా ఉండేది. నాయన దాన్ని ఎప్పుడూ ‘అది’ అనలేదు, మనిషిని అన్నట్టు ‘ఆయప్ప’ అనేవాడు. దాని పక్కన బిగించిన ఇత్తడి పలక మీద ఉన్న, అది తయారైన ఊరి పేరే నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాట. చాలా రోజుల తర్వాత గ్రంథాలయంలో ఒక పాత రైల్వే పుస్తకం దొరికింది. నాసిరకం బొగ్గుతో, ఇరుకు పట్టాల మీద, బరువులు లాగడానికే ఈ తరగతిని తయారుచేశారని అందులో రాసి ఉంది. ఆ ఇంజిన్లు పుట్టిన దేశంలో అలాంటి ఇరుకు పట్టాలే తక్కువట. మా ఎండలో తిరగడానికే పుట్టాయన్నమాట. ఆ రోజు నాకు ఆ ఇంజిన్ మా చుట్టమైనట్టు అనిపించింది.

ఆవిరి ఇంజిన్లకు అది ఆఖరి కాలం. నేను పదో తరగతి. నాయన బండి ఒక రోజు రెండు స్టేషన్ల మధ్య, ఎండిన వేరుశనగ చేల నడుమ ఆగిపోయింది. లెడ్ ప్లగ్గు కరిగింది.

ఈ ప్లగ్గు సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. బాయిలరులో నిప్పుగూడు పైకప్పుకు సీసం నింపిన ఒక బిరడా ఉంటుంది. దాని మీద ఎప్పుడూ నీళ్ళుండాలి. నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆ బెజ్జంలోంచి ఆవిరి దూకి నిప్పును చల్లార్చేస్తుంది. ఇంజిన్ పేలకుండా బతుకుతుంది, డ్రైవరు పరువు పోతుంది. ఆవిరి బండ్ల వాళ్ళలో ప్లగ్గు కరిగించడం కంటే పెద్ద సిగ్గు లేదు. బొగ్గు వేసే కుర్ర ఫైర్‌మన్ ఎవరైనా ఆ పని చేస్తే, కరిగిన బిరడాను దారానికి కట్టి వాడి మెడలో వేసి, ఇంజిన్లు నిలిపే షెడ్డంతా తిప్పేవాళ్ళు. వాడు అందరికీ టీలు తాగించాలి. అది షెడ్డులో కుర్రవాళ్ళతో చేసే మొరటు వేళాకోళం. తల నెరిసిన డ్రైవరుకు ఎవరూ చేయరు.

ఆ రోజు నాయన భోజనం క్యారియరు తీసుకుని షెడ్డుకు పోయాను. మెకానిక్కులు, ఖలాసీలు, ఫైర్‌మన్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో నాయన. ఎదురుగా షెడ్డు ఫోర్‌మన్, అంటే ఏ ఇంజిన్ బయటికి పోవాలో, ఏది మరమ్మతుకు ఆగాలో చెప్పే పెద్ద. ఆయనే ఆ మనిషి. చేతిలో దారానికి కట్టిన బిరడా.

“రాప్పా, రా. ఇన్నేండ్ల సర్వీసుకు దండ వేసుకోవద్దా?” అన్నాడు.

“సార్, పొద్దున పోయేముందే చెప్పినా కదా, ఇంజెక్టరు నీళ్ళు ఎత్తడంల్యా అని,” అన్నాడు నాయన. ఇంజెక్టరంటే వెనక తొట్టిలోని నీళ్ళను బాయిలరులోకి తోసే పనిముట్టు.

“నాకా? యాడ చెప్పినావు? ఎవురు విన్న్యారు?” ఫోర్‌మన్ గుంపు వైపు తిరిగాడు. “ఏమప్పా, మీరెవరన్నా విన్న్యారా?”

ఎన్నో ఏళ్ళు నాయన పక్కన బొగ్గు వేసిన ఫైర్‌మన్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఫోర్‌మన్ ఆ దారాన్ని నాయన మెడలో వేశాడు. కొందరు నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందోనని నవ్వినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళను వేరు చేసి చూసే ఓపిక నాకు లేదు. నాయన తలెత్తి నన్ను చూశాడు. దండ తీసేయకుండా వచ్చి, నా చేతిలోంచి క్యారియరు తీసుకుని, “ఎండగా ఉండాది, ఇంటికి పోమ్మా,” అన్నాడు.

తర్వాత ఆయన్ను ఇంజిన్ మీద నుంచి దించి, ఇంజిన్ల బూడిద ఎత్తే గుంట దగ్గర పనికి వేశారు. కొన్నాళ్ళకు ఆవిరి ఇంజిన్లే ఆగిపోయాయి. ఆయప్పను ముక్కలు కోసి తుక్కు కింద అమ్మేశారని ఎవరో చెప్తే నాయన తలూపి పేపరు తిప్పుకున్నాడు. ముందుగానే ఉద్యోగం మానుకుని, అమ్మ పుట్టిన ఊరు రాయదుర్గంలో ఇల్లు తీసుకున్నాడు.

ఆ మనిషి కూడా రాయదుర్గమే వచ్చాడు. రిటైరై, కొడుకుతో కలిసి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ పెట్టాడు. అప్పటికే ఊరంతా కుట్టుమిషన్ల చప్పుడు. వానలు లేక చేను పండని ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి పనికొచ్చేవాళ్ళు. ఇంటర్ అయ్యాక నేనూ పనికి పోతానన్నాను. ఏ యూనిట్‌కో చెప్పగానే అమ్మ చేటను నేలకేసి కొట్టింది.

“ఆ యప్ప కింద పని చేస్తావా? సిగ్గుండాదా నీకు?”

“ఉండాదిమా. అందుకే పోతాండా.”

అమ్మకు అర్థం కాలేదు. నాయన మాత్రం నావైపు కాసేపు చూసి, “పోనీలే. పనికేముండాది,” అన్నాడు.

మొదటి రోజు ఆ మనిషి నన్ను చూసి సూపర్‌వైజరును పిలిచాడు. “మా షెడ్డు పిల్లప్పా ఇది. దారాలు కత్తిరించే బల్ల కాడ కూచోబెట్టు. పాపం, వాళ్ళ నాయన చేసుకున్నాడు గానీ, పిల్లది ఏం తప్పు?” నేను తల వంచుకుని నమస్కారం పెట్టాను. దారాలు కత్తిరించే కత్తెర చిన్నది, చూపుడువేలంత. దాన్ని పట్టుకున్నప్పుడు నాకు ఏమేం తోచాయో అవన్నీ ఇక్కడ రాయను.

సాయంత్రం పని ముగిసిందని చెప్పే కూత మోగింది. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. వెనక వచ్చే అమ్మాయి నన్ను గుద్దుకుని తిట్టింది. అది మా నాయన బండి కూత.

కూతలన్నీ ఒకటి కావు. నాయన బండిలో ఆవిరితో కూత వేసే గిన్నె అంచు ఒకసారి పగిలితే, ఆయనే దగ్గరుండి ఇత్తడితో అతికించాడు. అప్పటి నుంచి మోగిన ప్రతిసారీ మొదట కొంచెం గాలి కలిసి, పడిశం పట్టిన మనిషి గొంతులా వచ్చి, తర్వాత తేరుకునేది. ఇక ప్రతి డ్రైవరుకూ తాడు లాగడంలో తన తీరు ఉంటుంది. నాయనది రెండు పొట్టి కూతలు, ఒక పొడుగుది. పొడుగు కూత చివర తాడును మెల్లగా వదిలి గొంతు దించేవాడు. అది వినబడగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇక్కడ ఆ మనిషి బస్సు హారను కొట్టినట్టు ఒక్క లాగు లాగి వదిలాడు. అయినా ఆ గొంతు నాకు తెలుసు.

ప్యాంట్లు ఇస్త్రీ చేయడానికి యూనిట్‌లో చిన్న ఆవిరి బాయిలరు ఉంది. దానికి ట్యాంకరు నీళ్ళు కొనేవాళ్ళు. ఆ బాయిలరు గొట్టానికే ఆ కూత గిన్నెను బిగించుకున్నాడు. బళ్ళారి నుంచి సరుకు కొనడానికి వచ్చిన సేట్లకు చూపించి చెప్పేవాడు. “ఇది నా ఇంజిన్ కూత సేట్. ఆఖరి బండి నేనే తోలినా. పెద్ద సార్లు పిలిచి మరీ ఇచ్చినారు.” మా నాయన బండిని ఆయన ఒక్క రోజు కూడా నడపలేదు. ఇంజిన్ కోయకముందే ఎవరిచేతో విప్పించి ఇంటికి తెచ్చుకుని ఉంటాడు.

సేట్ల ముందు అని ఏం లాభం? వాళ్ళు నాయన మెడలో బిరడాను చూసినవాళ్ళు కారు. ఇంట్లోనూ చెప్పలేదు. కొన్నేళ్ళు రోజూ పొద్దున, సాయంత్రం ఆ కూత విని పళ్ళు నూరుకుంటూ పోయి వచ్చాను. కోపం పాతబడితే చల్లారుతుందంటారు. నాది ఊరగాయలా ఊరింది.

కౌన్సిలరుగా నిలబడాలనే కోరిక పుట్టిన ఏడు ఆ మనిషి ఆయుధ పూజ ఘనంగా చేయాలనుకున్నాడు. పాత షెడ్డు వాళ్ళందరినీ వ్యాన్లు పెట్టి పిలిపించాడు. మా ఇంటికి మాత్రం పిలుపు రాలేదు. వ్యాన్లలోంచి దిగుతున్న వాళ్ళను నేను గేటు దగ్గర నిలబడి చూశాను. జుట్టు తెల్లబడింది, నడుములు వంగాయి, అయినా ఒక్కొక్కరినీ గుర్తుపట్టాను. ఆ రోజు నవ్వినవాళ్ళు. నవ్వనివాళ్ళు. చెప్పులు చూసుకున్న ఫైర్‌మన్. ఆయన భార్య కూడా వచ్చింది. రైల్వే కాలనీలో ఆమె కొళాయి కాడ మాట్లాడితే ప్లాట్‌ఫారం మీద వినబడుతుందనేవాళ్ళు. ఆమెను చూడగానే నాకు తోవ కనబడింది. నాకు గొంతు లేదు. ఆమెకుంది.

మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. షామియానా కింద ఒక బంతి భోజనాలకు కూర్చుంది. మేము, పనిచేసే అమ్మాయిలం, వడ్డిస్తున్నాం. నేను ఓళిగల, అంటే బొబ్బట్ల, పళ్ళెం పట్టుకుని ఫైర్‌మన్ భార్య ముందు వంగాను.

“ఎవరి పిల్లవే నువ్వు? ఎక్కడో చూసినట్టుండాది.”

చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకుంది. నేను ఇంకా వంగి, చెవిలో చెప్పాను. “అవ్వా, ఆడ బాయిలరు మీదుండే కూత మా నాయన బండిదే. సారు తన బండిదని చెప్పుకుంటాండాడు. ఎవరితోనూ అనొద్దు.”

చివరి మాట కావాలనే చేర్చాను.

“అనొద్దా? యాల అనొద్దు?” ఆమె గొంతు అప్పటికే లేచింది.

అప్పుడే ఆ మనిషి భార్యను వెంటబెట్టుకుని బాయిలరు దగ్గరికి వచ్చాడు. పట్టుచీర కట్టుకుని ఆమె తాడు వైపు భయంగా చూస్తోంది. ఆయుధ పూజ నాడు ప్రతి ఇంజిన్‌కూ మొదటి కూత ఆ ఇంజిన్ నడిపే డ్రైవరు ఇంటి ఆడమనిషి వేయడం మా షెడ్డు ఆచారం. మిగతా రోజుల్లో ఇంజిన్ మెట్టు తొక్కనివ్వని ఆడవాళ్ళను ఆ ఒక్క రోజు చేయిపట్టి ఎక్కించేవాళ్ళు. ఆ మనిషి ఆ ఆచారాన్నే ఇక్కడ చూపించబోతున్నాడు.

“ఆగమ్మా ఆగు! తాడు ముట్టొద్దు!” అవ్వ ఎంగిలి చేత్తోనే లేచింది. “ఆ కూత బండి తోలినోడి కూతురు ఈడ ఓళిగలు వడ్డిస్తాంటే, నువ్వు యాల లాగేది?”

బంతిలో వాళ్ళందరూ బాయిలరు వైపు తిరిగారు.

ఆ మనిషి నవ్వాడు. “ఏందవ్వా, ఎండ దెబ్బ తగిలిందా? అది నా బండి కూత.”

“నీ బండా? నువ్వెప్పుడు తోలినావప్పా? మా ఇంటాయన ఆ బండిలో బొగ్గేసి బొగ్గేసి నడుము పోగొట్టుకున్యాడు. నువ్వు యా పక్క నిలబడినావో చెప్పు. కుడి పక్కనా, ఎడం పక్కనా? లేకపోతే చిమ్నీ మీద కూచున్యావా?”

పాత ఖలాసీ ఒకాయన నీళ్ళు తాగుతూ పొలమారి దగ్గాడు. నవ్వు బంతి చివరిదాకా పోయింది. ఆ మనిషి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆయన ఊరుకుని ఉంటే బతికిపోయేవాడు. నవ్వును తన వైపు తిప్పుకోవాలని చూశాడు.

“సరేలే, ఆ డ్రైవరు బండే అనుకో. ప్లగ్గు కరిగించినోడి కూతురు కూత వేస్తే ఈడుండే మిషన్లు గూడా కరిగిపోతాయి!”

తానే నవ్వాడు. ఎవరూ కలవలేదు. బండి ఎవరిదో ఆయన నోటితో ఆయనే చెప్పాడని అందరికీ అర్థమైంది. అప్పుడు ఫైర్‌మన్, నోట్లో ఓళిగ నములుతూనే, తలెత్తకుండా అన్నాడు.

“ప్లగ్గు కరిగింది నిజమే సార్. ఇంజెక్టరు నీళ్ళు ఎత్తల్యా అని డ్రైవరు పొద్దున్నే నీతో చెప్పింది గూడా నిజమే. నేను పక్కనే ఉన్నా. ‘ఈ ట్రిప్పు పోయి రాపో, వచ్చినాక చూస్తాం’ అంటివి.”

“అప్పుడు నోరు యాడ పెట్టుకున్యావురా?”

“అప్పుడు నా డ్యూటీ నీ చేతిలో ఉన్నింది సార్. ఇప్పుడు నా పింఛను నీ చేతిలో లేదు.”

ఆ మనిషి బంతి వైపు చూశాడు. ఒక చివరి నుంచి ఇంకో చివరికి, తన వైపు మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా ఉంటారేమోనని వెతుకుతూ చూశాడు. ఎవరి విస్తరి వాళ్ళు చూసుకున్నారు. పై పెదవి మీద చెమట పట్టింది. చేతిలోని తాడు కొసను ఏం చేయాలో తెలియక భార్యకు ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు ఆ ముఖం నల్లబడింది. నేను దేవుడికి వివరంగా చెప్పినట్టే, చెప్పినవాళ్ళ ముందే. నేను కళ్ళు దించలేదు. ఆకలితో ఉన్న మనిషి అన్నం చూసినట్టు చూశాను.

ఓళిగల పళ్ళెం పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, పోయి తాడు అందుకున్నాను. నా చెయ్యి తగలగానే ఆయన వదిలేశాడు. రెండు పొట్టి కూతలు. ఒక పొడుగుది. చివర మెల్లగా గొంతు దించాను. నాయన లాగినంత బాగా రాలేదు. కానీ పడిశం పట్టిన ఆ గొంతు షామియానా దాటి, పక్క యూనిట్ల రేకుల మీదుగా పోయింది. బంతిలో ముసలి తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరో, “వస్తాండాడ్రా,” అన్నారు.

తిరిగి వచ్చి పళ్ళెం తీసుకున్నాను. ఫైర్‌మన్ ఇంకో ఓళిగ కోసం విస్తరి ముందుకు జరిపాడు. నేను ఆయనను దాటి పక్క విస్తరిలో వేశాను. నిజం చెప్పడానికి పింఛను వచ్చేదాకా ఆగినవాడికి ఒక్క ఓళిగ చాలు.

ఇంటికి పోయి చెప్పాలంటే భయం వేసింది. నాయన కోప్పడతాడేమో, ‘నలుగురిలో ఆడపిల్లవి నీకెందుకమ్మా’ అంటాడేమో అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుని, నేను చెప్తున్నంతసేపూ నాకు కళ్ళతో సైగలు చేసింది. నాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. అంతా విని, “ఎవరెవరు ఉన్న్యారు?” అన్నాడు. చెప్పాను. “ఆ పొట్టి ఫిట్టరు ఉన్న్యాడా?” ఉన్నాడని చెప్పాను. “ఫోర్‌మన్ చేతిలో తాడు ఉన్నిందా అప్పుడు? భార్య తీసుకోలేదా?” తీసుకోలేదన్నాను. “మళ్ళీ చెప్పు. మొదటి నుంచి చెప్పు.”

మొదటి నుంచి చెప్పాను. మధ్యలో అవ్వ చిమ్నీ మాట దగ్గరికి రాగానే ఆయన మోకాలు మీద కొట్టుకుని నవ్వాడు. అన్ని రోజులూ పనికేముండాదంటూ, పేపరు తిప్పుకుంటూ గడిపిన మా నాయన కూడా నాలాగే ఎదురుచూస్తూ కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఒకే పగను ఒకరికి తెలియకుండా ఒకరం పెంచాం. మరుసటి రోజు కూడా, అమ్మ కొట్టుకు పోయిన తర్వాత, “ఆ ఓళిగ సంగతి ఏందిమ్మా, చెప్పు,” అని అడిగాడు.

పండగ తర్వాత పనికి పోయేసరికి బాయిలరు మీద కూత లేదు. గోడకు కరెంటు గంట బిగించారు. సూపర్‌వైజరు నా బల్ల దగ్గరికి వచ్చి నసిగాడు.

“పాపా, బస్టాండు కాడ కొత్త యూనిట్ పెట్టినారు. ఆడ జీతం ఎక్కువంట. నీకు సారే చెప్పిస్తానంటాండాడు.”

“వద్దన్నా. నాకు ఈడే బాగుండాది.”

ఆ మనిషి నన్ను తీసేయలేడు. తీసేస్తే ఊళ్ళో ఆ కథ మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. ఎన్నికలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. దారాలు కత్తిరించే బల్ల ఆయన గది తలుపుకు ఎదురుగా ఉండేది. ఆయన తలుపు తీసిన ప్రతిసారీ తలెత్తి చూసేదాన్ని. చూడడానికి డబ్బులక్కర్లేదు, గొంతూ అక్కర్లేదు.

కొన్ని రోజులకు ఆయన వెనక తలుపు నుంచి రావడం, పోవడం మొదలుపెట్టాడు. ఆ దారిలో నీళ్ళ ట్యాంకరు నిలబడి ఎప్పుడూ బురదగా ఉంటుంది. ఒక పొద్దున నా బల్ల వెనక తలుపుకు ఎదురుగా జరిగి ఉంది. మార్చమని అడిగిన అమ్మాయి ఎవరని సూపర్‌వైజరు అందరినీ విచారించాడు. నేనే అడిగానని చెప్పాను. ఆ మూల వెలుతురు బాగుంటుంది, దారాలు బాగా కనబడతాయి అన్నాను. అది నిజం కూడా.

ఆ సాయంత్రం ఆయన ప్యాంటు ఎత్తిపట్టుకుని బురద దాటి వచ్చి తలుపు తీశాడు. నేను అక్కడ కూర్చుని ఉన్నాను. కాసేపు గడప మీదే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, మళ్ళీ బురదలోంచే పోయాడు. నేను ఇంకో ప్యాంటు అందుకున్నాను.